వినడం నేర్చుకున్న ఏడాది

తల లోపల వినికిడి యంత్రం పెట్టించుకున్నానని తెలిసినప్పటి నుంచి నా ఫోనుకు మెసేజీలు వస్తూనే ఉన్నాయి. కదిరి నుంచి ఒకామె తన తమ్ముడి కోసం అడిగింది. మడకశిర నుంచి ఒకతను తన కోసమే అడిగాడు. నాలాగే అతనికీ చిన్నప్పుడే చెవుడు వచ్చిందట. అందరి ప్రశ్నా ఒకటే: "పెట్టించుకుంటే అన్నీ వినపడతాయా అక్కా?" ఒక్క ముక్కలో చెప్పలేక అందరికీ కలిపి ఇది రాస్తున్నాను. నాకు తెలుగు రాయడం వచ్చు గానీ మాటల చివర్లు తప్పుతుంటాయి. వాటిని మా అమ్మాయి హారిక దిద్దింది. తనకు ఇబ్బందిగా ఉండే సంగతి ఒకటి ఇందులో ఉంది. తీసేయనా అని అడిగితే ఉంచమంది.

మా పుట్టిల్లు ధర్మవరం. నాయన పట్టుచీరలు నేస్తాడు. నాకు మూడేళ్ళప్పుడు పెద్ద జ్వరం వచ్చిందట. అది తగ్గాక పిలిస్తే పలకడం మానేశానట. అంతకుముందు విన్నదేదీ నాకు గుర్తులేదు. తర్వాత అనంతపురం తీసుకుపోయి చెవికి మిషను పెట్టించారు. దానితో కుడిచెవిలో కొంచెం మోత తెలిసేది. బస్సు హారను, పక్కన ఎవరైనా గట్టిగా అరిస్తే ఆ అరుపు, అంతే. మాటలు మాత్రం పెదవులు చూసే నేర్చుకున్నాను. అమ్మ నా చెయ్యి తన గొంతు మీద పెట్టుకుని ఒక్కో మాటా నా చేత పలికించేది. ఇప్పటికీ నా మాట కొత్తవాళ్ళకు తొందరగా అర్థం కాదు, ఇంట్లోవాళ్ళకు అవుతుంది. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది.

చెవిటి పిల్లల హాస్టల్లో చదివేటప్పుడు రమేశ్ పరిచయమయ్యాడు. అతనికి పుట్టుకతోనే చెవుడు. ఏ మిషనూ పెట్టుకోలేదు. పెళ్ళయ్యాక హిందూపురంలో కాపురం పెట్టాం. రమేశ్ ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపులో డిజైనింగ్ చేస్తాడు. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. హారికకు అన్నీ వినపడతాయి. ఆపరేషన్ నాటికి తను ఏడో తరగతి. నోటి మాట రాకముందే దానికి సైగలు వచ్చాయి. మా ఇంటి భాష సైగలే. ఇక్కడ రమేశ్ అన్నాడని రాసినచోటల్లా చేతులతో అన్నాడని అనుకోండి.

ఆపరేషన్‌కు ముందటి ఎండాకాలంలో నా మిషను పని చేయడం మానేసింది. బ్యాటరీ అనుకుని మార్చాను. చెమట పట్టి పాడయిందేమోనని అమ్మినవాళ్ళకు చూపించాను. మిషను బాగానే ఉందన్నారు. అంటే పోయింది చెవి. ఉన్న ఆ కాస్తా పోతే ఏమవుతుందిలే అనుకున్నాను. ఒకరోజు లైనింగు బట్ట కొనుక్కుని రోడ్డు దాటుతుంటే వెనకనుంచి వచ్చిన బైకు నా మోచేతిని గీసుకుంటూ పోయింది. అతను బండి ఆపి వెనక్కి తిరిగి తిట్టాడు. పెదవులు చూశాను. "ఏమ్మా, చెవుడా?" అంటున్నాడు. అవునని తల ఊపాను. అతను బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. హారిక నా పక్కనే ఉంది. నా చెయ్యి పట్టుకుని ఇంటికి వచ్చేదాకా వదల్లేదు.

పుట్టపర్తిలో పరీక్షలు చేశారు. ఇక బయట పెట్టుకునే మిషను పనికిరాదని, లోపల పెట్టే యంత్రం ఒకటుందని, బెంగళూరు వెళ్ళి అడగమని చెప్పారు. చెవి వెనక ఎముక దగ్గర చర్మం కింద ఒక ముక్క పెడతారు. దాని సన్నటి తీగ చెవి లోపలికి పోతుంది. బయటి ముక్క అయస్కాంతంతో తలకు అంటుకుని ఉంటుంది. నాకు తెలిసింది ఇంతే, ఇంతకన్నా వివరం నన్ను అడగొద్దు.

ఇంటికొచ్చి చెప్పగానే రమేశ్ ముఖం మారిపోయింది.

"ఎందుకది? నాకు పుట్టినప్పటి నుంచి లేదు. నేను బతకడం లేదా?"

"నీకు లేనిది పోలేదు. నాకు ఉన్నది పోయింది," అన్నాను.

"అది పెట్టుకుంటే నువ్వు వాళ్ళ మనిషివైపోతావు."

వినేవాళ్ళను మేం వాళ్ళు అనే అంటాం. దాంట్లో కోపమేమీ లేదు, అలవాటు. ఆరోజు మాత్రం కోపంగానే అన్నాడు. తర్వాత చాలారోజులు ఆ మాట ఎత్తలేదు. కానీ బెంగళూరుకు టికెట్లు తీసింది అతనే.

ఆ ఆసుపత్రిలో కూర్చునే చోట అంతా చిన్నపిల్లలే. ఏడాది, రెండేళ్ళ పిల్లలను ఒళ్ళో పెట్టుకున్న తల్లులు. చీటీ రాసే అమ్మాయి నన్ను చూసి, నా వెనక చూసి, "పేషెంటు పాప ఎక్కడ?" అని అడిగింది. నేనేనన్నాను. పేర్లు మైకులో పిలుస్తున్నారు. చెవుడుకు వైద్యం చేసే చోట పేర్లు మైకులో పిలవడం చూసి రమేశ్ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. మా పేరు ఎప్పుడు వస్తుందోనని హారిక ఒక్కతే బిగుసుకుని కూర్చుంది. మూత్రానికి కూడా లేవలేదు.

డాక్టరు మాస్కు పెట్టుకున్నాడు. మాట్లాడింది కన్నడం, మధ్యలో ఇంగ్లీషు. మాస్కు తీసినా కన్నడం పెదవులు నాకు చదవడం రాదు. కర్ణాటక సరిహద్దులో, హిందూపురంలో పెరిగిన పిల్ల కాబట్టి హారికకు కన్నడం వచ్చు. ఆయన చెప్తుంటే అది మా ఇద్దరికీ చేతులతో చెప్పింది. ఆయన చాలాసేపు మాట్లాడాడు. హారిక చేతులు తొందరగానే ఆగిపోయాయి.

"అంతేనా?" అని అడిగాను.

"అంతే."

"బాగా వినపడుతుందంటనా?"

"అవునంట. నిదానంగా."

ఇంగ్లీషు కాగితాల మీద నేను సంతకం పెట్టాను. సాక్షిగా రమేశ్ పెట్టాడు.

ఆపరేషన్ శ్రావణ మాసంలో జరిగింది. నన్ను లోపలికి తోసుకుపోయాక అన్నీ మాస్కులే, కళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. ఎవరు ఏమంటున్నారో తెలియడం లేదు. అప్పుడొక సిస్టరు నా పక్కకు వచ్చి, తన మాస్కు గడ్డం కిందికి లాగి, నిదానంగా అంది: "భయపడొద్దు. నాది సోమందేపల్లి. నువ్వు నిద్ర పోయేదాకా ఈడనే ఉంటా." సోమందేపల్లి మాకు దగ్గరి ఊరే. ఆపరేషన్ గదిలో అలా మాస్కు తీయకూడదేమో. ఆమె పేరు అడగలేదు. ఆమె పెదవులు మాత్రం ఇప్పుడు చూసినా గుర్తుపడతాను.

మెలకువ వచ్చాక ప్రపంచం తిరుగుతోంది. మంచం కమ్మీ పట్టుకుని పడుకున్నాను. నాలుక సగం మొద్దుబారింది. ఏది తిన్నా ఇనుము నాకినట్టుంది. కొన్ని వారాలు పప్పూ అన్నం, రాగిసంకటి, అన్నిటిదీ అదే రుచి. ఇంకోటి కూడా తెలిసింది. ఆ చెవిలో మిగిలిందేదన్నా ఉంటే అదీ ఆపరేషన్‌తో పోయింది. గాయం మానేదాకా యంత్రం ఆన్ చేయరు. అంటే ఆ నెలంతా నేను రమేశ్ లాగా పూర్తి చెవిటిదాన్ని. అతను వంట చేశాడు. కుట్లకు నీళ్ళు తగలకుండా నా తల పక్కకు వంచి జుట్టు కడిగాడు, చిక్కు తీశాడు. నేను చెప్పలేదా అనే మాట అతని చేతుల్లోకి ఒక్కసారి కూడా రాలేదు.

యంత్రం ఆన్ చేసే రోజుకు నాయన ధర్మవరం నుంచి వచ్చాడు. ఇస్త్రీ పంచ కట్టుకున్నాడు. పెళ్ళికి వచ్చినట్టు ఉన్నాడు. నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, చెవి వెనక ముక్క తగిలించారు. యంత్రం సరిచేసే మేడం ఒకామె ఏదో నొక్కింది.

నాకు వచ్చింది శబ్దం కాదు. తల లోపల ఎవరో వేలితో పొడిచినట్టయింది. కన్ను అదిరింది. మళ్ళీ పొడిచింది. తర్వాత అది టిక్ టిక్ అయింది. నాయన ముందుకు వంగి, "పద్మా," అన్నాడు. పెదవుల మీద నా పేరు కనపడింది. తలలో మాత్రం బర్రుమంది. రమేశ్ కుర్చీ జరిపాడు. అదీ బర్రుమంది. హారిక దగ్గింది. అదీ అంతే.

"ఇనపడిందామ్మా?" నాయన.

లేదని తల ఊపాను.

నాయన మేడం వైపు తిరిగాడు. "మిషను సరిగ్గా పెట్టినారా మేడం? ఒగ సారి చూడండి. నా బిడ్డకు ఏం తెలీడంల్యా."

ఆమె మాస్కు తీసి, నాకు కూడా తెలిసేలా తెలుగులో చెప్పింది. చిన్నప్పటి నుంచి వినని వాళ్ళకు ఇంత వయసులో మాటలు అర్థం కావడం చాలా కష్టం. చప్పుడు ఉందని తెలుస్తుంది, పెదవులు చదవడానికి సాయమవుతుంది. అంతకు మించి ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేరు. "ఇదంతా డాక్టరుగారు ముందే చెప్పారు కదా," అంది.

నేను హారిక వైపు చూశాను. దాని చేతులు ఒళ్ళో ఉన్నాయి. కదల్లేదు. కళ్ళనిండా నీళ్ళు.

తిరుగు రైల్లో చెప్పింది. "డాక్టర్ చెప్పాడు. నేనే నీకు చెప్పలేదు. చెప్తే వద్దంటావని. ఆ బైకు మళ్ళీ వస్తుందని నాకు భయం."

నాకు కోపం వచ్చింది. దాని మీదా, డాక్టరు మీదా, ఎవరి మీదో తెలియని కోపం. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. మాతో మాట్లాడాలంటే మేం చూడాలి. చూడకపోతే మాట ఆగిపోయినట్టే. కాసేపటికి రమేశ్ నా మోకాలు తట్టాడు.

"తప్పు దానిది కాదు. ఆ మాటలు మోయాల్సింది పిల్ల కాదు."

అవును. ఆరోజు నుంచి ఆసుపత్రులకు హారికను తీసుకుపోవడం మానేశాం. ఇది చదివేవాళ్ళలో చెవిటి తల్లిదండ్రులు ఉంటే మీకు నేను చెప్పే మొదటి మాట ఇదే. సైగలు తెలిసిన పెద్దమనిషి ఎవరినైనా వెంట పెట్టుకుని పోండి. లేకపోతే అంతా తెలుగులో రాసిమ్మని అడగండి. పిల్లల చేత చెప్పించుకోవద్దు. వాళ్ళు మనల్ని ప్రేమిస్తారు కాబట్టే సరిగ్గా చెప్పలేరు.

తర్వాత నెల చాలా చెడ్డది. కుక్కరు విజిలు వేస్తే తలలో మేకు దిగినట్టుండేది. నా కుట్టుమిషను అంత గోల చేస్తుందని నాకు తెలియదు. ఇన్నేళ్ళు దాని కంపనం అరికాలికి తెలిసేది, హాయిగా ఉండేది. ఇప్పుడు నాలుగు కుట్లు వేసి ఆపేసేదాన్ని. బట్టలు ఆలస్యమయ్యాయి. ఒకరోజు యంత్రం తీసి దాని డబ్బాలో పెట్టి బీరువాలో పడేశాను. తల నొప్పి పోయింది. ఏడుపు వచ్చింది.

నాయన వీడియో కాల్ చేశాడు. ముఖం ఫోనుకు మరీ దగ్గరగా పెట్టుకుంటాడు, పెదవులు బాగా కనపడాలని. "పెనుకొండలో ఒగ మేడం ఉండాదంట మా. వారానికి ఒగ దినం వస్తాదంట, మాట ఇనేది నేర్పిస్తాదంట. నేను ధర్మవరం నుంచి వస్తా. నువ్వు ఆ పక్కనుంచి రా. నడిమధ్యలో కలుద్దాం."

"నాకొద్దు నాయనా. రాదు అది."

"రాకపోతే పోనీలే. నాతో కూచోనన్నా కూచుంటావు గదా. అయిదు నిమిషాలు కుదురుగా నీతో మాట్లాడి ఎన్నాళ్ళాయ?"

ఆ మాటకు వెళ్ళాను.

మందుల షాపు పైన చిన్న గది. మేడం పేరు శైలజ. ఆమె పద్ధతి ఏమిటంటే బాగా తెలిసిన మనిషి నోరు కనపడకుండా మాట్లాడాలి, నేను వినాలి. నాయన తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. మాలాంటి వాళ్ళకు ఎదుటి మనిషి నోరు మూస్తే తలుపు మూసినట్టే. "తీయ్!" అని అరిచాను. నాయన బెదిరిపోయి తీసేశాడు. శైలజ మేడం నవ్వింది. "ఆయన తీస్తారు. ముందు ఒక్కసారి, చప్పుడు ఉందా లేదా అని మాత్రం చెప్పు."

మొదటి వారాలు అంతే. ఉందా, లేదా. పొడుగా, పొట్టా. తర్వాత రెండు మాటలు. 'పద్మ', 'ధర్మవరం'. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. ఏది అన్నాడో వేలు చూపాలి. మొదట తప్పులే. నాయనకు విసుగు రాలేదు. రోజంతా ఒకే కదలికను మళ్ళీ మళ్ళీ చేసే పని కదా ఆయనది.

ఒక వారం ఆయన తువ్వాలు వెనక ఆ రెండు మాటల్లో ఏదో ఒకటి అనడానికి బదులు చాలాసేపు మాట్లాడాడు. నాకు బర్రు బర్రుమని మాత్రమే తెలుస్తోంది. మేడం రాయడం ఆపేసి ఆయన్నే చూస్తోంది.

"ఏమన్నావు?"

"ఏం ల్యాలే."

"తువ్వాలు తీసి చెప్పు నాయనా."

తీశాడు. "మీ అమ్మ నీ నోటికి మాట తెచ్చె. నేను ఆ పొద్దు ఏం చేసింటి? మగ్గం మింద కూచోనుంటి. ఇబ్బుడన్నా నీ చెవికి ఒగ మాట తెస్తామని చూస్తాండా. అదే అంటి."

మేడం టీ తెప్పించింది. తాగి, మళ్ళీ మొదలుపెట్టాం.

చలికాలం వచ్చేసరికి నాలుగైదు మాటల్లో నాయన అన్నది ఏదో చెప్పగలిగాను. కుట్టుమిషను చప్పుడు, కుక్కరు చప్పుడు వేరువేరయ్యాయి. వెనక బండి వస్తే తెలుస్తోంది. ఏ వైపు నుంచో తెలియదు, అయినా ఆగుతాను. అన్నిటికన్నా పెద్ద లాభం నేను అనుకోనిది. పాప, మామ, బాబా ఈ మూడూ పెదవుల మీద ఒకేలా ఉంటాయి. ఇన్నేళ్ళు సందర్భం చూసి ఊహించేదాన్ని, తప్పితే నవ్వి ఊరుకునేదాన్ని. ఇప్పుడు పెదవులకు చప్పుడు తోడై, ఏది ఏదో చాలాసార్లు తెలుస్తోంది. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళతో ఒకటే మాట మళ్ళీ మళ్ళీ అడగాల్సిన పని తగ్గింది. సాయంత్రానికి కళ్ళు తక్కువ అలసిపోతున్నాయి.

రానివి కూడా చెప్పాలి. ఫోనులో మాట రాదు. టీవీ గోల. పాట అంటే ఏమిటో ఇంకా తెలియదు. హారిక తనకిష్టమైనది పెట్టి, వినమని నా ముఖంలోకి చూసింది. తగరపు డబ్బాలో రాళ్ళు ఊపినట్టుందని చెప్పాను. అది పడీ పడీ నవ్వింది. పెళ్ళిలో నలుగురూ కలిసి మాట్లాడితే యంత్రం తీసేసి సంచిలో పెట్టుకుంటాను. ఎండాకాలం చెమటకు ఒక్కోసారి ఆగిపోతుంది. పసివాళ్ళకు పెట్టిస్తే వచ్చే ఫలితం వేరు, మాకు వచ్చేది వేరు. "అన్నీ వినపడతాయా?" అంటే నా జవాబు, లేదు. "పెట్టించుకున్నందుకు బాధపడుతున్నావా?" అంటే దానికీ లేదనే.

రమేశ్ పెనుకొండకు ఒక్కసారి కూడా రాలేదు. నేను యంత్రం పెట్టుకుని ఉంటే ఇంట్లో పిల్లిలా నడిచేవాడు. గిన్నె కింద పెట్టేటప్పుడు కూడా జాగ్రత్త. ఎవరో పెద్దమనిషి ఇంట్లో నిద్రపోతున్నట్టు ఉండేవాడు. ఆదివారాలు మా చెవిటి స్నేహితులంతా కలుస్తాం. వాళ్ళలో ఒకతను, "ఇంకా మా మనిషివేనా?" అని నన్ను అడిగాడు. అందరూ నవ్వారు. రమేశ్ నవ్వలేదు. సాయంత్రం నేను యంత్రం తీసి డబ్బాలో పెట్టాకే అతను ఆరోజు కబుర్లు మొదలుపెట్టేవాడు. నేను రెండు ఇళ్ళలో కాపురం చేస్తున్నట్టుండేది. దాని గురించి గట్టిగా మాట్లాడుకున్నదీ లేదు.

మొన్న ఉగాది దాటాక ఒక ఆదివారం మధ్యాహ్నం. హారిక స్నేహితురాలి ఇంటికి పోయింది. నేను యంత్రం తీసి అన్నం తిని, గుడ్డలు మడుస్తున్నాను. రమేశ్ వీధి తలుపు గొళ్ళెం పెట్టి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"అది పెట్టుకో," అన్నాడు.

ఆశ్చర్యపోయి పెట్టుకున్నాను.

"ఒకటి అడుగుతాను. నిజం చెప్పాలి. నా గొంతు ఎట్లా ఉంటుంది?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అతను చెప్పాడు. చిన్నప్పుడు ఆటలో సంతోషం పట్టలేక అరిస్తే చుట్టూ ఉన్న పిల్లలు చెవులు మూసుకునేవారట. బస్సులో నవ్వితే జనం వెనక్కి తిరిగి చూసేవారట. వాళ్ళ అక్క పెళ్ళిలో పెద్దాయన ఒకడు వేలు మూతి మీద పెట్టి గమ్మునుండమన్నాడట. అప్పటి నుంచి గొంతు బయటికి రానివ్వడం మానేశాడు. నవ్వినా నోరు మూసుకునే నవ్వుతాడు. ఇన్నేళ్ళు అది అతని పద్ధతి అనుకున్నాను.

"వాళ్ళ ముఖాలు చూసి తెలుసుకోవడమే గానీ నాకు ఉన్నదున్నట్టు చెప్పినవాళ్ళు లేరు. నువ్వు చెప్తే నమ్ముతాను."

చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. నోరు తెరిచి నా పేరు పలకబోయాడు. మొదట గాలి వచ్చింది. తర్వాత గొంతు వచ్చింది. లావుగా మొదలై, మధ్యలో పగిలి, చివర పైకి లేచింది. పద్మ అనేదేమీ అందులో లేదు. అతను నా ముఖాన్ని చదువుతున్నాడు. మేం ఒకరి దగ్గర ఒకరం ముఖం దాచలేం.

"పెద్దగా ఉంది," అన్నాను. "మధ్యలో పగిలింది. నాయన గొంతులా లేదు, హారిక గొంతులా లేదు. కళ్ళు మూసుకున్నా ఇది నీదే అని చెప్పగలను."

"చెడ్డగా ఉందా?"

"మంచి గొంతో చెడ్డ గొంతో చెప్పేంత వినికిడి నాకు లేదు. మళ్ళీ పిలువు."

ఈసారి ఇంకా గట్టిగా పిలిచాడు. మెడ నరాలు పొంగాయి. ఆ చప్పుడు నా తలంతా నిండింది, నొప్పి పెట్టలేదు. అది ఇంకా పూర్తి కాకముందే వీధి తలుపు ఎవరో దబదబ కొట్టారు. పక్కింటామె అయి ఉంటుంది, ఏం జరిగిందోనని వచ్చి ఉంటుంది.

"ఎవరో వచ్చారు. తలుపు కొడుతున్నారు," అన్నాను.

రమేశ్ తలుపు వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"కొట్టనీ," అని, నోరంతా తెరిచి మళ్ళీ పిలిచాడు.